పొదిగే పెట్ట కోసం దిల్‌సుఖ్‌నగర్

హైదరాబాదు వెళ్ళొచ్చానని చెప్తే మా ఊళ్ళో అందరూ అడిగింది ఒకటే, చార్మినార్ చూశావా అని. చూడలేదు. గోల్కొండా చూడలేదు. నాలుగు రోజులుండి కోళ్ళను చూసి వచ్చాను. నవ్వేవాళ్ళు నవ్వారు. నవ్వకుండా ఆగినవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

మాది తణుకు దగ్గర చిన్న ఊరు. ఊరి పోస్టాఫీసులో చాలా ఏళ్ళు పనిచేసి ఈమధ్యే మానేశాను. ఇంటి వెనక దొడ్లో ఎప్పుడూ పదో పదిహేనో కోళ్ళు తిరుగుతుండేవి. కిందటి ఎండాకాలం కొక్కెర తెగులు వచ్చి వారం తిరిగేలోపు దొడ్డి ఖాళీ అయిపోయింది. తర్వాత సంతలో రెండుసార్లు పెట్టల్ని కొన్నాను. గుడ్లు బాగానే పెట్టేవి. పెట్టేసి, ఆఫీసులో సంతకం చేసి ఇంటికి పోయినట్టు పోయేవి. ఒక్కటంటే ఒక్కటి పొదుగుకు కూర్చోలేదు. అమ్మినవాడిని నిలదీస్తే, "ఇవి గుడ్ల కోళ్ళండి. కూర్చునే రకం ఇప్పుడెవరు అడుగుతున్నారండి" అన్నాడు. నేను అడుగుతున్నాను కదయ్యా అంటే తలగోక్కున్నాడు.

నాకు కావలసింది ముద్దుకో మాంసానికో కాదు. గుడ్ల మీద ఇరవై ఒక్క రోజులు కదలకుండా కూర్చుని, పిల్లల్ని లేపి, గద్ద వస్తే రెక్కల కింద దాచుకునే తల్లి. అలాంటి కోళ్ళున్న చోటి నుంచి గుడ్లు తెస్తే తన పెట్ట కింద పొదగేస్తానని పక్కింటి సత్యవతి మాటిచ్చింది. పిల్లల్లో సగం తనకు, సగం నాకు. మా వైపు ఇది మామూలే. ఆమె పెట్ట అప్పటికే పొదుగు మీదుంది కానీ, తెగులులో వాళ్ళ పుంజు పోయి దాని గుడ్లలో పిల్ల లేదు. మంగళవారం దాటితే దాని బుద్ధి మారిపోతుందేమోనని సత్యవతి గడువు పెట్టింది.

చంపాపేట్‌లో ఒకాయన పొదగేసే గుడ్లు అమ్ముతాడని ఫోన్‌లో వీడియో చూశాను. పార్సిల్‌లో ఎక్కడికైనా పంపిస్తాడట. 'జాగ్రత్త, పగిలే వస్తువు' అని రాసున్న డబ్బాల్ని ఎలా విసురుతారో కళ్ళారా చూసిన దాన్ని, నా గుడ్లను పార్సిల్‌లో తెప్పించుకుంటానా? నేనే బయల్దేరాను.

దిల్‌సుఖ్‌నగర్

మా పెద్దన్నయ్య, సుభద్ర వదిన దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటారు. ఉద్యోగం కోసం వచ్చి పాతికేళ్ళు దాటింది. నేను గుమ్మంలో సంచీ దించగానే వదిన, "ఏంటి పద్మా, ఇంత ఉన్నట్టుండి?" అంది. మోకాళ్ళ నొప్పులతో గోడ పట్టుకుని నడిచి వచ్చింది. ముఖం మాత్రం వెలిగిపోతోంది. ఆ ముఖం చూసి గుడ్ల కోసం వచ్చానని ఎలా చెప్పను?

"నిన్ను చూడాలనిపించింది వదినా. అందుకే వచ్చేశాను" అన్నాను.

ఇక చూడండి. గంటలోపు ఎదురు ఫ్లాటు ఆవిడకి, కింద ఇస్త్రీ చేసే ఆమెకి, కూరగాయల బండి అతనికి కూడా సంగతి తెలిసిపోయింది. "మా ఆడపడుచు. నన్ను చూడ్డానికే వచ్చింది, ఇంకే పనీ లేదు" అని బాల్కనీలోంచి చెప్తోంది. నేను లోపల కూర్చుని మంచినీళ్ళు మింగలేక మింగాను.

ఆ వీధిలో కోచింగ్ సెంటర్ల బోర్డులే బోర్డులు. ప్రతి బోర్డు మీదా నవ్వే పిల్లల ఫోటోలు, కిందనేమో నవ్వడానికి తీరిక లేని పిల్లలు. హాస్టళ్ళ ముందు బకెట్లు, టిఫిన్ బళ్ళ దగ్గర వరసలు. వదిన బండి అతన్ని "గోంగూర ఎలా ఇస్తున్నావయ్యా?" అని అడిగింది. అతను "పుంటికూరనా అమ్మా? పదికి రెండు కట్టలు, జర తాజాగున్నది తీస్కోరి" అన్నాడు. పాతికేళ్ళుగా ఆమె గోంగూర అనే అడుగుతోంది, అతను పుంటికూర అనే ఇస్తున్నాడు. ఇద్దరికీ ఏ ఇబ్బందీ లేదు.

చంపాపేట్

శనివారం మధ్యాహ్నం, పోస్టాఫీసు స్నేహితురాలిని కలిసొస్తానని వదినతో చెప్పి బయటపడ్డాను. ఒక అబద్ధం ఆడితే దానికి తోడు ఇంకోటి కావాలి కదా.

వీడియోలో ఆయన పేరు శ్రీకాంత్. కోచింగ్ సెంటర్‌లో ఫిజిక్స్ చెప్తాడు, గుంటూరు వైపు మనిషి. మూడంతస్తుల మేడ మీద పచ్చ గుడ్డ కప్పి, వరసగా జాలీ గదులు కట్టాడు. "రండి మేడమ్, చెప్పులు ఇక్కడ విప్పి ఈ నీళ్ళలో కాళ్ళు ముంచండి. బయటి జబ్బులు రాకూడదు" అన్నాడు. గుడి కన్నా శుభ్రంగా ఉంది.

అక్కడ చూసినవి కోళ్ళంటే మా ఊళ్ళో ఎవరూ నమ్మరు. ఒకదానికి కాళ్ళ నిండా ఈకలు, పట్టుకుచ్చుల పంచె కట్టినట్టు. ఒకదానికి నెత్తి మీద పెద్ద పువ్వు, దాని వెనక కళ్ళు కనిపించవు. ఇంకోదానికి ఒళ్ళంతా దూదిలాంటి బొచ్చు. పుంజు పేరు వోల్టు, పెట్ట పేరు ఆంపియర్. కాళ్ళకు ఈకలున్న రకం గుడ్డు ఒక్కటి రెండు వందలు. నేను నోరు తెరిచాను.

"కొనేవాళ్ళు ముందు తండ్రి వీడియో అడుగుతారండి. పుంజు నడక చూపించాలి, కాళ్ళు చూపించాలి. గుడ్డు వారం లోపుది అయ్యుండాలి. మరీ కోలగా, మరీ గుండ్రంగా ఉంటే తీసుకోరు" అని ఒక గుడ్డు అరచేతిలో పెట్టాడు. "దీని మీద కంటికి కనిపించని పొర ఉంటుంది. కడిగితే పోతుంది. కడక్కూడదు, ఫ్రిజ్‌లో పెట్టకూడదు. ఇంటికెళ్ళాక ఒక రోజు కదపకుండా ఉంచి, అప్పుడు పొదగేయాలి." ఎంత ఓపికగా చెప్పాడో. ఈయన పిల్లలకి ఫిజిక్స్ బాగానే వస్తుందనిపించింది.

"మరి వీటిలో పొదుగుకు కూర్చునేది ఏదండి?" అని అడిగాను.

ఆయన దూది బొచ్చు కోడిని చూపించాడు. "ఇది కూర్చుంటుందండీ. అదే దీనితో బాధ. కూర్చుంటే గుడ్లు ఆపేస్తుంది. కూర్చోగానే తీసి, అడుగున కూడా జాలీ ఉన్న ఆ గదిలో పెడతాను. కింద గాలి తగిలి మూడు నాలుగు రోజుల్లో మామూలైపోతుంది."

ఆ చివరి గదిలో ఒక తెల్ల పెట్ట ఉంది. అడుగున గడ్డి లేదు, గుడ్డు లేదు. అయినా రెక్కలు పరుచుకుని జాలీ మీద కూర్చునే ఉంది. ఆయన చెడ్డవాడు కాదు, ఆ పెట్టకి తన చేత్తో గింజలు తినిపిస్తున్నాడు. కానీ కూర్చోవడమే జబ్బైతే, నేను జబ్బు తగ్గినవాళ్ళ కోసం కాదు, జబ్బున్నవాళ్ళ కోసం వచ్చాను. పైగా ఆ దూది బొచ్చు మా గోదావరి వానకి ఒక్క రోజు కూడా ఆగదు. టీ తాగి లేచాను.

ఎల్బీనగర్

ఆదివారం పొద్దున్న ఎల్బీనగర్‌లో వంతెన పక్కన నాటుకోళ్ళ గంపలు పెడతారని శ్రీకాంత్ గారే చెప్పారు. అంజయ్య అనే ఆయన గంప పక్కన స్టూలు మీద కూర్చున్నాను. నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చాడట, ఇరవై ఏళ్ళుగా అదే చోటు. కొనేవాళ్ళని చూస్తుంటే పొద్దు తెలియలేదు.

మైసమ్మకి మొక్కున్న ఒకాయన వచ్చాడు. ఎర్ర పుంజు కావాలి, తెల్ల ఈక ఒక్కటి ఉండకూడదు, తురాయి నిలబడాలి. రెక్కలు విప్పి ఈక ఈకా వెతికాడు. పెళ్ళి సంబంధం చూసేవాళ్ళు కూడా అంత వెతకరు. తర్వాత ఒకావిడ నల్లమాంసం కోడి అడిగింది, వాళ్ళాయన షుగరుకి మంచిదని ఎవరో చెప్పారట. కార్లో వచ్చిన ఒక జంట గుడ్లు అడిగారు. అంజయ్య దగ్గర పాలిపోయిన గుడ్లు కొన్ని, ఎర్రగా ఉన్నవి కొన్ని ఉన్నాయి. వాళ్ళు ఎర్రవే ఏరుకుని పోయారు.

"మా ఊరి కోడి గుడ్డు గీ పాలిపోయినదే అమ్మా. ఎర్రయి ఫారం నుంచి ఒస్తయి. చెప్తే నమ్మరు. ఎర్రగుంటెనే నాటు అంటరు" అన్నాడు అంజయ్య. అబద్ధం ఆడకుండా, నిజం వినిపించుకోకుండా వాళ్ళ బేరం సాగిపోతోంది. పక్క బండిలో మిరపకాయ బజ్జీ తెచ్చి నా చేతిలో పెట్టాడు. మా వైపు బజ్జీలో వాము కూరుతాం. ఇక్కడ అలాంటివేమీ లేవు, మిరపకాయ నేరుగా వచ్చి నాలుక మీద కూర్చుంది. కళ్ళనీళ్ళతోనే అడిగాను, పొదుగుకు కూర్చునే రకం ఉందా అని.

"కూసునేదా?" అని నవ్వాడు. కాసేపటికి నవ్వు ఆపాడు. "గీ ఇరవై ఏండ్లల గిది అడిగినోళ్ళు లేరు. అల్మాస్‌గూడల యాదమ్మని ఒకామె ఉన్నది. ఆమె పుంజులు శానా అమ్మిన. ఒక బూడిద పెట్ట ఉన్నది, దాన్ని మాత్రం ఎవ్వలకియ్యదు. పోయి అడుగుర్రి."

అల్మాస్‌గూడ

ఆటో అతను నన్ను దించిన చోట అటూ ఇటూ కొత్త అపార్ట్‌మెంట్లు, మధ్యలో ఒక ఖాళీ ప్లాటు, అందులో రేకుల షెడ్డు. ప్లాటుకి కాపలా యాదమ్మ. డెబ్భై దగ్గర పడ్డ మనిషి, సన్నగా, నిటారుగా ఉంది. నేను వచ్చిన పని చెప్తే లోపలికి రమ్మని సర్వపిండి పెట్టింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు వేసి గిన్నెకే అద్ది కాల్చిన రొట్టె అది. మా వైపు దిబ్బరొట్టెకు దగ్గర చుట్టం, కానీ పళ్ళకు ఇంకాస్త పని చెప్తుంది.

షెడ్డు మూలన గంపలో బూడిద రంగు పెట్ట కూర్చునుంది. పొట్టి కాళ్ళు, తురాయి లేదు, చిన్న కోడి. ఎల్బీనగర్ గంపలో ఉంటే దాని వైపు ఎవరూ చూడరు. నేను వంగగానే ఒళ్ళంతా ఉబ్బించి గుర్రుమంది. ఆ గుర్రు విని ఎన్ని నెలలైందో.

"నల్గొండ నుంచి లారీల ఒచ్చినప్పుడు దీని ముత్తవ్వను గంపల బెట్టుకొని తెచ్చిన బిడ్డా" అంది యాదమ్మ. "మా ఆయన, నేను మేస్త్రీ పనికొచ్చినం. ఏ సైటుకు పోతే గా సైటుకు కోళ్ళు గూడ. ఆయన పోయిండు. కోళ్ళు ఉన్నయి. గిప్పుడు గవి గూడ లేకుంట అయితున్నయి. ఒచ్చే నెలల పునాదులు తవ్వుతరంట. నన్ను ఉండమన్నరు, కోళ్ళు ఒద్దన్నరు. అన్ని అమ్మిన. పుంజును మొన్ననే అమ్మిన. గిదొక్కటే ఉన్నది. దీన్ని ఎట్లనో బతిమాలుకొని ఉంచుకుంట."

పుంజు పోయిందంటే ఇక ముందు పెట్టే గుడ్లలో పిల్ల ఉండదు. అప్పటికి పెట్టినవి పన్నెండు. పదకొండు తీసి, నీళ్ళకుండ కింది చల్లటి ఇసుకలో దాచింది. ఒకటి గూట్లో వదిలేసింది. గూడు పూర్తిగా ఖాళీ చేస్తే కోడి మళ్ళీ ఆ గూటికి రాదని మా ఊళ్ళోనూ అలాగే ఒకటి వదులుతాం. పునాదులు తవ్వే చోట పిల్లలు ఎలాగూ బతకవు కనుక ఆ పదకొండూ కూరకి అమ్మేద్దామని అనుకుంటోందట.

నాకిమ్మంటే వెంటనే ఇవ్వలేదు. ముందు నన్ను నిలబెట్టి అడిగింది. "మీ తాన పిల్లులున్నయా? పిల్లలైతే ఎవ్వలు జూస్తరు? దొడ్డి ఎంతున్నది?" పోస్టాఫీసు ఉద్యోగానికి కూడా నన్ను ఇన్ని ప్రశ్నలు అడగలేదు. తర్వాత పదకొండు గుడ్లు తీసి, ఒక్కోదాన్ని వెలుగుకి పట్టి చూసి, ఒక్కోదాని మీదా బొగ్గుతో ఒక గీత గీసింది. పొదగేసిన గుడ్లలో వేరే కోడి వచ్చి పెడితే తెలియడానికి ఆ గీత. ఊక పోసిన బుట్టలో సర్ది, ఉరుముకి గుడ్లు చెడకుండా ఒక ఇనుప మేకు, బొగ్గు ముక్క వేసింది. మా వైపు పాత కొడవలి ముక్క వేస్తాం.

డబ్బు గుడ్డుకి పది రూపాయలు తీసుకుంది. కూర గుడ్డు ధరే.

"కొనేటోళ్ళు కాళ్ళు జూస్తరు, ఈకలు జూస్తరు, తూకం జూస్తరు. కూసుండుడు ఎవ్వలు జూడరు. అది కండ్లకు కనబడేది కాదు గదా" అంది, బుట్ట నా చేతికిస్తూ. "పిల్లలైనంక ఏ రంగు అయినయో నాకు చెప్పకు బిడ్డా. అండ్లకెల్లి ఒక్క పెట్టన్నా పెద్దగై పొదుగుకు కూసుంటే, గప్పుడు ఫోన్ చెయ్యి. గట్లయితెనే నా కోడి బతికినట్టు."

మళ్ళీ దిల్‌సుఖ్‌నగర్

బుట్టని ఒళ్ళో పెట్టుకుని ఆటోలో వచ్చాను. ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా ఆటో అతని భుజం తట్టాను. అతను చివరికి, "ఏం తీస్కపోతున్నవ్ అక్కా, బాంబులా?" అన్నాడు.

వదిన తలుపు తీసి బుట్ట వైపు చూసింది. "ఇవేంటి పద్మా?"

అదిగో, అక్కడ చెప్పి ఉండాల్సింది. నన్ను చూడ్డానికే వచ్చిందని వీధంతా చెప్పుకున్న మనిషికి, నిన్ను కాదు వదినా, గుడ్లని చూడ్డానికి వచ్చానని ఎలా చెప్పను? నోటికి మొహమాటం అడ్డొచ్చింది. "ఊరి గుడ్లు వదినా. స్నేహితురాలు ఇచ్చింది" అన్నాను. బుట్టని వంటింటి గట్టు మీద పెట్టి, స్నానం చేసి, అలిసిపోయి అలాగే నిద్రపోయాను.

అన్నయ్య ఏడింటికే భోంచేస్తాడు. వదిన లేపితే వెళ్ళి కూర్చున్నాను. వేడన్నం, ముద్దపప్పు, కోడిగుడ్ల పులుసు. చిన్న ఉల్లిపాయలు, చిన్న బెల్లం ముక్క, అచ్చం మా అమ్మ చేసినట్టే. గుడ్డులో పచ్చసొన చిక్కగా, ముద్దగా ఉంది. "ఎంత బాగుంది వదినా" అని రెండో గుడ్డు అడిగి మరీ వేయించుకున్నాను. వదిన మురిసిపోయింది.

"నీకిష్టమని చేశాను. అవి నువ్వు తెచ్చినవే. ఎవరింట్లో ఉంచారో గానీ ఒక్కోదాని మీదా ఇంత మసి. పీచు పెట్టి రుద్ది రుద్ది కడిగాను. ఐదు వండి, మిగతా ఆరూ ఫ్రిజ్‌లో పెట్టాను."

నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. అన్నయ్యకి రెండు, నాకు రెండు, వదినకి ఒకటి. పోలమారి దగ్గాను, తర్వాత ఏడ్చాను. యాభై దాటిన దాన్ని, కంచం ముందు కూర్చుని పిల్లలా ఏడ్చాను. ఏడుస్తూనే అంతా చెప్పేశాను. తెగులు, సంత కోళ్ళు, చంపాపేట్, అమ్మేసిన పుంజు, యాదమ్మ అడిగిన ఆ ఒక్క మాట.

వదిన లేచి గోడ పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి నడిచింది. ఆరు గుడ్లనీ ఒక్కొక్కటే తీసి, చెంగుతో తడి అద్ది, బుట్టలో ఊక మీద పెట్టింది. వెనక్కి తిరగకుండానే అడిగింది.

"అయితే నన్ను చూడ్డానికి రాలేదా?"

"రాలేదు వదినా."

"ఆ మాట రాగానే చెప్తే నీతో కూడా తిరిగేదాన్ని కదే. నేను ఈ వంటింట్లోంచి బయటికెళ్ళి ఎన్నాళ్ళయిందో నీకు తెలుసా?" అంది. దగ్గరికి వెళ్ళి పట్టుకున్నాను. అన్నయ్య పులుసు గిన్నె మీద మూత పెట్టేశాడు.

మళ్ళీ అల్మాస్‌గూడ

సోమవారం పొద్దున్న వదిన ఇస్త్రీ చీర కట్టుకుని సిద్ధంగా కూర్చుంది. "వండింది నేను. నేనే చెప్తాను" అంది. మోకాళ్ళు ముడుచుకోక ఆటో ఎక్కడానికే ఐదు నిమిషాలు పట్టింది. బుట్ట దారంతా ఆమె ఒళ్ళోనే ఉంది. రెండు చేతులూ దాని మీదే ఉంచుకుంది.

యాదమ్మ ముందు వదిన చేతులు జోడించి, "తెలియక వండేశానండి. కడిగేశాను, ఫ్రిజ్‌లో కూడా పెట్టాను. ఎన్ని మాటలన్నా పడతాను" అంది. యాదమ్మ బుట్టలోకి చూసింది. బొగ్గు గీతలు లేకుండా మెరిసిపోతున్న ఆరు గుడ్ల వైపు చాలాసేపు చూసింది.

"కూర మంచిగైందా?" అని అడిగింది.

"బాగుందండి" అంది వదిన.

"మంచిగనే ఉంటది. దాని గుడ్లు గట్లనే ఉంటయి." యాదమ్మ నవ్వింది. నవ్వుతుంటే ఆమె కళ్ళల్లో నీళ్ళు కనిపించాయి. కోపగించుకున్నా మాకు ఇంత కష్టమయ్యేది కాదు. "ఏడ్వకు బిడ్డా. ఆకలైతే తింటరు, చుట్టం ఒస్తే పెడతరు. మిగిలినయి ఆరు ఉన్నయి గదా. అయితే ఆరు పొదగెయ్యొద్దు. బేసి ఉండాలె."

మా ఊళ్ళోనూ అంతే. సరి సంఖ్యలో పొదగేయం. కానీ ఏడోది ఎక్కడిది? నేను అడిగేలోపే యాదమ్మ గంప దగ్గర కూర్చుని, బూడిద పెట్ట కిందికి చెయ్యి పోనిచ్చింది. పెట్ట గుర్రుమని ఆమె మణికట్టు మీద పొడిచింది. మళ్ళీ పొడిచింది. "నాకు ఎరుకే, నాకు ఎరుకే. పోనియ్యి తల్లీ" అంటూ ఆ ఒక్క గూటి గుడ్డునీ బయటికి తీసింది. వెచ్చగా ఉంది. దాని మీద కొత్తగా బొగ్గు గీత గీసి, నా చేతిలో పెట్టింది. తర్వాత వాకిట్లోంచి ఒక నున్నటి గుండ్రాయి ఏరుకొచ్చి, కొంగుతో తుడిచి, పెట్ట కింద పెట్టింది. పెట్ట దాన్ని ముక్కుతో దగ్గరికి జరుపుకుని, సర్దుకుని కూర్చుంది.

వదిన అటు తిరిగి ముక్కు చీదుకుంది. కాసేపటికి ఇద్దరూ షెడ్డు ముందు కూర్చుని మోకాళ్ళ నొప్పులకు ఏ నూనె మంచిదో మాట్లాడుకుంటున్నారు. ఒకరిది "ఎలా తగ్గిందండీ", ఇంకొకరిది "ఎట్ల తగ్గుతది, తగ్గలే". నేను గుండ్రాయి మీద కూర్చున్న కోడిని చూస్తూ ఉండిపోయాను.

ఇంటికి

మంగళవారం పొద్దున్నకి ఊరు చేరాను. గడువు చూస్తే శ్రీకాంత్ గారు చెప్పినట్టు ఒక రోజంతా ఆగే వీలు లేదు. గుడ్లని కాసేపు కదపకుండా ఉంచి, సాయంత్రానికి ఏడింటినీ సత్యవతి పెట్ట కింద పెట్టాం. మేకు, బొగ్గు ముక్క, దానికి తోడు మా కొడవలి ముక్క కూడా. పిడుగు పడ్డా భయం లేదు.

ఇరవై రెండో రోజు రెండు పిల్లలు వచ్చాయి. ఎంతో నమ్మకం పెట్టుకున్న బొగ్గు గీత గుడ్డు పిల్ల కాలేదు. ఆ రెండూ పీచుతో రుద్ది, ఫ్రిజ్‌లో పడుకున్న గుడ్లలోంచే వచ్చాయి. వదినకి ఫోన్ చేస్తే, "ఏవి? నేను కడిగినవేనా?" అని మూడుసార్లు అడిగి, ఆ పూటే ఎదురు ఫ్లాటు ఆవిడకి చెప్పేసింది.

పెరిగి పెద్దయ్యాక ఒకటి పుంజు, ఒకటి పెట్ట అని తేలింది. ఒప్పందం ప్రకారం పుంజు సత్యవతికి, పెట్ట నాకు. దాని రంగు మామూలు ఎరుపు. బూడిద ఛాయ ఎక్కడా లేదు. సంతలో ఏ గంపలోనైనా కనిపించే కోడి. యాదమ్మ కోడి ఇందులో ఉందో లేదో చూసి చెప్పడానికి ఏమీ లేదు. అది గుడ్లు మొదలుపెట్టాక రోజూ వెనకాలే తిరిగాను. పెట్టేది, అరిచేది, వెళ్ళిపోయేది. మర్నాడూ అంతే. ఆ రోజుల్లో నాకు అన్నం సహించలేదు. వదిన రోజూ ఫోన్ చేసి, "కూర్చుందా?" అని అడిగేది. లేదని చెప్పి పెట్టేసేదాన్ని.

కార్తీకంలో ఒక పొద్దున్న గూట్లో చెయ్యి పెట్టాను. ఎర్ర పెట్ట లేవలేదు. ఒళ్ళంతా ఉబ్బించి, గుర్రుమని నా వేలి మీద పొడిచింది. రక్తం చుక్క వచ్చింది. ఆ వేలితోనే ఫోన్ నొక్కాను.

అవతల ఏదో మెషిన్ చప్పుడు. యాదమ్మ గొంతు దాని మీదుగా వచ్చింది. "ఎవ్వలు?" నేను, గుడ్లు తీసుకెళ్ళిన పద్మని అన్నాను. రంగు అడగలేదు, ఎన్ని బతికాయని అడగలేదు.

"కూసున్నదా?" అంది.

"కూర్చుంది పెద్దమ్మా. పొడిచింది కూడా."

మెషిన్ ఆగింది. "మా ముసల్ది పోయింది బిడ్డా, బతుకమ్మ ముంగట. గా గుండ్రాయి మీదనే కూసొని పోయింది" అంది. ఫోన్‌ని పెట్ట దగ్గరగా పెట్టాను. ఎర్ర పెట్ట ఇంకా ఉబ్బి, ఒకటే గుర్రు.

"జరసేపు గట్లనే పట్టుకో" అంది యాదమ్మ.

పట్టుకున్నాను.